తరగతి గదిలో సాంకేతికత: టీచరు రాసుకోవాల్సిన లక్ష్యం ఏది?

జూన్ రెండో వారంలో తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరుచుకుంటాయి. కొత్త పుస్తకాలు, కొత్త టైమ్‌టేబుల్‌తో పాటు టీచర్ల ముందుకు ఒక పాత ప్రశ్న కూడా వస్తుంది. అది వార్షిక ప్రణాళికలో ఒక గడిగా రావచ్చు, శిక్షణ చివరి రోజు పంచే కాగితంలో రావచ్చు, ప్రైవేటు బడి యాజమాన్యం పంపే ఫారంలో రావచ్చు. ఈ ఏడాది బోధనలో సాంకేతికతను ఎలా వినియోగిస్తారు? మీ లక్ష్యాలేమిటి?

జవాబులు దాదాపు అన్నిచోట్లా ఒకే తీరులో ఉంటాయి. వారానికి రెండు పాఠాలు స్మార్ట్ బోర్డు మీద చెబుతాను. దీక్షా వేదికలో ఐదు కోర్సులు పూర్తి చేస్తాను. ప్రతి పాఠానికీ ఒక వీడియో చూపిస్తాను. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. కానీ ఈ మూడు వాక్యాల్లోనూ టీచరు ఉన్నారు, పరికరం ఉంది, లెక్క ఉంది; పిల్లలు మాత్రం లేరు. వీడియో చూశాక పిల్లల ఆలోచనలో ఏం మారాలో లక్ష్యంలో ఎక్కడా లేదు. అందుకే ఏడాది చివర ఆ లక్ష్యం నెరవేరిందని టిక్కు పెట్టవచ్చు, పిల్లలకు పాఠం అర్థం కాకపోయినా సరే.

లక్ష్యాన్ని అటు నుంచి ఇటు తిప్పి రాయాలన్నది నా అభిప్రాయం. ముందుగా పిల్లలకు కొరుకుడు పడని ఒక భావనను ఎంచుకోవాలి. అది అర్థమైన పిల్లవాడు ఇప్పుడు చేయలేని ఏ పనిని అప్పుడు చేయగలడో రాయాలి. పరికరం పేరు వాక్యం చివర రావాలి. అవసరం లేకపోతే రాకపోయినా ఫరవాలేదు.

ఇది కేవలం కాగితం మీద మాటల మార్పు కాదు, ఎందుకంటే దీని వెనుక చాలా సమయం, చాలా డబ్బు ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలి. 2017లో మొదలైన దీక్షా వేదిక, 2019లో మొదలైన నిష్ఠ శిక్షణలు ఇప్పటికే దేశమంతటా టీచర్ల దినచర్యలో భాగమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023-24లో దేశంలోని బడుల్లో 57.2 శాతానికి కంప్యూటర్లు, 53.9 శాతానికి ఇంటర్నెట్ ఉన్నాయి. అంటే ఆ ఏడాది దాదాపు సగం బడులకు ఇంటర్నెట్ లేదు. ఉన్నచోట్ల అది దేనికి ఉపయోగపడుతోందన్న ప్రశ్న ఇప్పుడే మొదలవుతోంది. గంటలను, సర్టిఫికెట్లను, ట్యాబ్‌లను లెక్కపెట్టడం తేలిక. పిల్లల అవగాహనను లెక్కపెట్టడం కష్టం. తేలికైనదే లక్ష్యంగా మారిపోతోంది.

మనకిది కొత్త అనుభవమేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. బడిపిల్లలకు పాఠాలు ప్రసారం చేయడమే కాదు, సెలవుల్లో వేలాది ప్రాథమిక పాఠశాల టీచర్లకు టీవీ ద్వారానే విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు. 1984-85లో క్లాస్ పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. తర్వాత స్మార్ట్ బోర్డులు, ఆ తర్వాత ట్యాబ్‌లు. విద్యా చరిత్రకారుడు లారీ క్యూబన్ 1986లోనే అమెరికా బడుల గురించి ఇలాంటి కథే రాశారు. సినిమా, రేడియో, టీవీ ఒక్కొక్కటీ తరగతి గదిని మార్చేస్తుందన్న ఆర్భాటంతో వచ్చింది. కొన్నాళ్లకు వాడకం తగ్గింది. చివరికి నింద టీచరు మీద పడింది.

పరికరం ఒక్కటే ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పే మంచి పరిశోధనలు రెండు ఉన్నాయి. రెండింటినీ కలిపి చదవాలి. పెరూ దేశంలో ఒక్కో విద్యార్థికి ఒక్కో ల్యాప్‌టాప్ పథకాన్ని 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించారు. పదిహేను నెలల తర్వాత చూస్తే గణితంలో గానీ, భాషలో గానీ మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు. పిల్లల చేతిలో యంత్రం ఉంది, దాంతో ఏ పాఠంలో ఏం చేయాలన్న ఆలోచన లేదు.

రెండోది మన ఢిల్లీలో జరిగింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ 2019లో దాని ఫలితాలను ప్రచురించారు. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో మాధ్యమిక స్థాయి పిల్లలకు ఒక కంప్యూటర్ కార్యక్రమంతో పాటు చిన్న బృందాల్లో బోధన కూడా అందించారు. లాటరీలో అవకాశం దక్కిన పిల్లలు, దక్కనివారి కంటే నాలుగున్నర నెలల్లోనే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వెళ్లారు. విద్యా పరిశోధనలో ఇది పెద్ద ప్రభావం. కారణం తెర మీది బొమ్మలు కాదు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుక ఉన్నారు. ఆ కార్యక్రమం ముందు ప్రతి పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడో కనిపెట్టి, అక్కడి నుంచి లెక్కలు ఇచ్చింది. నలభై మందికి ఒకే పాఠం చెప్పాల్సిన టీచరుకు సాధ్యం కాని పనిని యంత్రం చేసిపెట్టింది. అంటే ముందు సమస్యను గుర్తించారు, తర్వాత సాధనాన్ని ఎంచుకున్నారు.

టీచరుకు ఏ జ్ఞానం ఉండాలన్న దానిపైనా దాదాపు ఇలాంటి ఆలోచనే ఉంది. విషయం తెలిస్తే చాలదు, దాన్ని ఎలా చెబితే పిల్లలకు అర్థమవుతుందో తెలియడం వేరే జ్ఞానమని లీ షుల్మన్ 1986లో రాశారు. భారతీయ మూలాలున్న పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్‌తో కలిసి 2006లో దానికి మూడో పాయను జోడించారు: సాంకేతికత. విషయం, బోధన, సాంకేతికత మూడూ ఒకే పాఠంలో కలిసే చోటే టీచరు నైపుణ్యం ఉంటుందని వారి వాదన. మన శిక్షణల్లో ఎక్కువ భాగం మూడో పాయను విడిగా తీసి నేర్పుతాయి. క్విజ్ ఎలా తయారు చేయాలి, వీడియోను ఎలా కత్తిరించాలి వంటివి. భౌతికశాస్త్రం టీచరుకూ, తెలుగు టీచరుకూ ఒకే గదిలో, ఒకే పాఠం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిచి చూద్దాం. చంద్రకళలు. పౌర్ణమి, అమావాస్య, అష్టమి అనే మాటలు వినని తెలుగు పిల్లలు ఉండరు. ఇంట్లో గోడ మీద తిథులతో సహా క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. అయినా చంద్రుడు ఎందుకు తరుగుతాడని అడిగితే, చాలా మంది చెప్పే జవాబు ఒకటే: భూమి నీడ పడి. ఇది మన పిల్లల లోపం కాదు. 1987లో తీసిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే డాక్యుమెంటరీలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులను, పూర్వ విద్యార్థులను, అధ్యాపకులను ఋతువుల గురించో, చంద్రకళల గురించో అడిగారు. 23 మందిలో 21 మంది సరిగా చెప్పలేకపోయారు. గ్రహణానికి కారణమైన నీడను కళలకు కూడా అంటగట్టడం మనిషి మనసుకు అంత సహజం.

ఇక్కడ మామూలుగా జరిగేదేమిటి? స్మార్ట్ బోర్డు మీద అయిదు నిమిషాల వీడియో వేస్తారు. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు, ఒక గొంతు అంతా వివరిస్తుంది, పిల్లలు శ్రద్ధగా చూస్తారు. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అంటారు. పరీక్షలో నిర్వచనం రాస్తారు. నీడ మాత్రం తల్లోంచి పోదు, ఎందుకంటే ఆ వీడియో దానితో ఎక్కడా తలపడలేదు.

నీడ ఊహతో తలపడాలంటే కృష్ణ పక్ష అష్టమి మర్నాడో, అటూ ఇటూ ఒక రోజో ఉదయం ప్రార్థన సమయంలో పిల్లలను పడమటి వైపు చూడమనాలి. మబ్బు లేకపోతే అక్కడ దాదాపు సగం చంద్రుడు పగటి పూటే తెల్లగా కనిపిస్తాడు. తూర్పున సూర్యుడు ఉంటాడు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశలోనే పడుతుంది కదా, మరి ఆ పక్కన ఉన్న చంద్రుడి మీదకు ఎలా వచ్చింది? ఈ ప్రశ్న వేసి టీచరు కాసేపు మౌనంగా ఉండాలి. ఆ తర్వాత ఒక పింగ్‌పాంగ్ బంతినో, సున్నం పూసిన మట్టి ఉండనో ఎండలో చంద్రుడి దిశగా చేయి చాచి పట్టుకోమనాలి. బంతి మీద వెలుగు పడిన భాగమూ, ఆకాశంలో చంద్రుడి ఆకారమూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. బంతి మీద భూమి నీడేమీ లేదు. సగం బంతికి ఎండ తగులుతోంది, ఆ సగంలో మనవైపు ఉన్నంతే మనకు కనిపిస్తోంది. చంద్రుడి సంగతీ అంతే. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

మరి సాంకేతికత ఎక్కడ అవసరం? బంతి చేయలేని చోట. కళల చక్రానికి 29 రోజులన్నర పడుతుంది, చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, మధ్యలో మబ్బులు. ఇంత పొడవైన విషయాన్ని ఒక పీరియడ్‌లో చూపడం బంతి వల్ల కాదు. స్టెలేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల అవుతుంది. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పని చేస్తుంది. సొంత ఊరిని ఎంచుకుని, సమయాన్ని సాయంత్రం ఆరున్నర దగ్గర ఉంచి, తేదీని ఒక్కో రోజూ ముందుకు జరిపితే శుక్ల పక్షపు చంద్రుడు పడమర నుంచి తూర్పుకు మెట్లు దిగినట్టు జరుగుతూ, నిండుతూ కనిపిస్తాడు. ‘రేపు ఎక్కడ ఉంటాడు? ఏ ఆకారంలో?’ అని ముందు పిల్లల చేత చెప్పించి, తర్వాతే మీట నొక్కాలి. పది నిమిషాలు చాలు.

అంతకు ముందు నెల రోజులు పిల్లలు చంద్రుడి డైరీ రాయాలి. ఫోటోలు తీయమనడం బాగుంటుంది గానీ, చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పాటు పనికి వెళుతుంది. ఉన్నా అది అన్నయ్య చేతికి వెళ్లినంత సులువుగా చెల్లెలి చేతికి రాదు. కాబట్టి నోటుబుక్కులో తేదీ, సమయం, దిక్కు, ఆకారం గీస్తే చాలు. సాంకేతికతను ఎక్కడ వాడకూడదో తేల్చుకోవడం కూడా టీచరు లక్ష్యంలో భాగమే.

ఇప్పుడు కాగితం మీద లక్ష్యం ఇలా ఉంటుంది: ‘కార్తీక మాసం చివరికి నా తరగతిలో మూడొంతుల మంది, చంద్రకళలకు భూమి నీడ కారణం కాదని బొమ్మ గీసి వాదించగలగాలి. ఇందుకు చంద్రుడి డైరీ, బంతి, పది నిమిషాల స్టెలేరియం వాడతాను. పాఠానికి ముందు, పాఠం అయ్యాక, ఆరు వారాల తర్వాత ఒకే తరహా ప్రశ్న అడుగుతాను.’ జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల డైరీ సాగదు కాబట్టి కార్తీకం. ఈశాన్య ఋతుపవనాల వానలు పడే నెల్లూరు, తిరుపతి వైపు టీచర్లు మార్గశిరం దాకా ఆగడం మంచిదేమో!

ఆరు వారాల తర్వాత అడగాలన్న షరతును చాలా మంది వదిలేస్తారు. నిజానికి మొత్తం లక్ష్యానికి అదే ప్రాణం. పాఠం అయిన రోజు సరైన జవాబు చెప్పిన పిల్లల్లో ఎందరు మళ్లీ నీడ దగ్గరకే వెళ్లారో అప్పుడే తెలుస్తుంది. జవాబులు సేకరించడానికి యాప్ ఉంటే మంచిదే. ఒక్క ఫోనుతో పిల్లల చేతుల్లోని కాగితపు కార్డులను స్కాన్ చేసే ప్లికర్స్ లాంటివి ఉన్నాయి. లేకపోతే ఏ, బీ, సీ, డీ అని రాసిన నాలుగు అట్టముక్కలు చాలు.

చంద్రుడు ఒక ఉదాహరణ మాత్రమే. ప్రతి విషయంలోనూ ఇలాంటి ముడులు ఉంటాయి. బల్బు కరెంటును ‘తినేస్తుంది’ అన్న ఊహ పదో తరగతి దాకా నిలిచే ఉంటుంది. కొలరాడో విశ్వవిద్యాలయం తయారు చేసిన ఉచిత ఫెట్ సిమ్యులేషన్లలో వలయాన్ని కట్టి, బల్బుకు ముందూ వెనుకా అమ్మీటర్ పెట్టి చూస్తే రెండు చోట్లా ఒకే అంకె వస్తుంది. అయితే ముందు నిజమైన బ్యాటరీ, నిజమైన తీగలతో వలయం కట్టాక చూపిస్తేనే ఆ తెర మీద పిల్లలకు నమ్మకం కలుగుతుంది. ధ్వని వేగం కొలవడానికి జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ఫైఫాక్స్ యాప్ ఉన్న రెండు ఫోన్లు, ఒక పొడవాటి వరండా సరిపోతాయి. ఇక్కడ ఫోను వీడియో చూపే తెర కాదు, కొలిచే పరికరం. విజ్ఞాన బోధనలో ఫోనుకు ఇంతకంటే గౌరవమైన స్థానం లేదనిపిస్తుంది.

లక్ష్యాలపై దశాబ్దాలుగా పరిశోధించిన ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ చెప్పిన ఒక విషయం ఇక్కడ పనికొస్తుంది. నిర్దిష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం పనితీరును పెంచుతుందని వారి పరిశోధనలు చూపాయి. ఇది అందరూ చెబుతారు. తక్కువ మంది చెప్పేది మరొకటి ఉంది. పని కొత్తదై, చిక్కుగా ఉన్నప్పుడు, ‘ఇంత సాధించాలి’ అన్న లక్ష్యం కంటే ‘దీన్ని చేసే దారులు ఫలానా కనిపెట్టాలి’ అన్న లక్ష్యమే మెరుగు. అందుకని సిమ్యులేషన్‌ను మొదటిసారి వాడుతున్న టీచరు, మూడొంతుల మంది అన్న అంకెను మొదటి ఏడాది పక్కన పెట్టవచ్చు. ‘పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో మూడు చోట్లు గుర్తిస్తాను’ అని రాసుకుంటే చాలు. అంకె రెండో ఏడాది వస్తుంది. యునెస్కో 2018లో వెలువరించిన టీచర్ల ఐసీటీ సామర్థ్యాల చట్రంలో మొత్తం 18 సామర్థ్యాలు ఉన్నాయి. అన్నింటినీ ఒకే ఏడాది లక్ష్యంగా పెట్టుకునే టీచరుకు ఏదీ దక్కదు. ఏడాదికి రెండు పాఠాలు ఇలా లోతుగా మారితే, అయిదేళ్లలో పది పాఠాలు. ఒక తరగతి సైన్సు పుస్తకంలో అది దాదాపు సగానికి పైనే.

కృత్రిమ మేధ గురించి ఒక మాట. చాట్‌బాట్‌తో పాఠ్య ప్రణాళిక రాయించుకోవడం ఇప్పుడు కొత్త ‘లక్ష్యం’గా కనిపిస్తోంది. తెలుగులో అది చక్కని వాక్యాల్లో తప్పు సమాచారం ఇవ్వగలదు. ఆ బలహీనతనే వాడుకోవచ్చు. చంద్రకళలపై నాలుగు వివరణలు రాయించి, తప్పు ఎక్కడుందో పిల్లల చేత పట్టించడం ఏ వీడియో కంటే మెరుగైన పీరియడ్ అవుతుంది. ముందుగా టీచరు వాటిని సరిచూసుకోవాలి, అంతే.

ఇదంతా చదివిన టీచరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. సమయం ఎక్కడుంది? న్యాయమైన ప్రశ్న. టీచరు ఫోను ఇప్పటికే హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, రకరకాల ఫోటోల అప్‌లోడ్లతో నిండిపోయి ఉంది. పాలనకు సాంకేతికత బాగా అందింది, బోధనకు మిగిలింది తక్కువ. టీచర్లను చిన్న లక్ష్యం రాసుకోమని చెప్పే హక్కు అధికారులకు కావాలంటే, వారు అడిగే నివేదికలు ముందు తగ్గాలి. తనిఖీకి వచ్చినవారు స్మార్ట్ బోర్డు ఎన్ని గంటలు వెలిగిందని అడిగితే, టీచరు దాన్ని వెలిగించే ఉంచుతారు. ఏ ప్రశ్న అడిగారు, ఎందరు తప్పు చెప్పారు, తర్వాత ఏం మార్చారు అని అడిగితే, తరగతి వేరేలా నడుస్తుంది. మూడొంతుల మంది అని రాసి సగం మందే వచ్చారన్న టీచరుకు తక్కువ మార్కు వేస్తే, మరుసటి ఏడాది నుంచి అందరూ వీడియోల సంఖ్యే రాస్తారు.

ఈ మార్పుకు కొత్త పథకం అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే జరుగుతున్నాయి. వాటిలో ఒక గంట కేటాయించి, సైన్సు టీచర్లు ఒక్కో ప్రశ్నకు తమ పిల్లలు రాసిన జవాబు కాగితాలను వెంట తెచ్చుకోవాలి. తప్పు జవాబులను కుప్పలుగా వేరు చేసి, ఏ తప్పు ఎందుకు వచ్చిందో మాట్లాడుకోవాలి. తెలంగాణ భాగస్వామిగా టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు నడిపిన క్లిక్స్ కార్యక్రమంలో టీచర్ల వృత్తి బృందాలకు పెద్దపీట వేశారు. అలాంటి బృందం కుదిరిన చోట, అక్టోబరు సమావేశానికి నలుగురు టీచర్లు చంద్రుడి ప్రశ్నను తమ నాలుగు బడుల్లోనూ అడిగి రావచ్చు. నీడ అని రాసిన కాగితాలు ఎన్ని వచ్చాయో బల్ల మీద పేర్చి చూస్తే, ఆ ఏడాది లక్ష్యం ఏమిటో ఎవరూ ఫారం ఇవ్వకుండానే తేలుతుంది.